గాలిలోని నీటిని లెక్కగట్టిన విల్లిస్ క్యారియర్

క్యారియర్ అనగానే మనవాళ్ళకి ముందు గుర్తొచ్చేది నాలుగు గిన్నెల అన్నం క్యారియర్. తర్వాత గుర్తొచ్చేది ఏసీ డబ్బా మీద పేరు. ఆ పేరుతో ఒక మనిషి ఉండేవాడని తెలిసినవాళ్ళు మనలో తక్కువ. విల్లిస్ హావిలండ్ క్యారియర్‌ని ఎయిర్ కండిషనింగ్ పితామహుడని అంటారు. గదిని చల్లబరిచే యంత్రం కనిపెట్టాడు కాబట్టి ఆ బిరుదు వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయనకు అప్పజెప్పిన మొదటి పని చల్లదనం కాదు, తేమ. హ్యూస్టన్‌లో భవనాల గాలి లెక్కలు కట్టే ఉద్యోగం చేస్తున్న నాకు ఆయన జీవితంలో అసలు సంగతి ఇదే అనిపిస్తుంది. ఉక్క ఊళ్ళలో ఇంటికి చల్లదనం తేవడం పెద్ద కష్టం కాదు. పీల్చుకోవడానికి మంచి గాలి తేవడమే కష్టం, అదీ కరెంటు బిల్లు తడిసి మోపెడు కాకుండా. విశాఖపట్నం, కాకినాడ, హ్యూస్టన్, దుబాయ్, కౌలాలంపూర్, ఏ ఊరైనా ఇదే కథ. అందుకే ఈయన గురించి మన పాఠకులకు నాలుగు మాటలు చెబుదామనుకున్నాను.

క్యారియర్ 1876 నవంబరు 26న న్యూయార్క్ రాష్ట్రంలో, ఈరీ సరస్సుకు దగ్గరగా ఉన్న ఆంగోలా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. వ్యవసాయ కుటుంబం. ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు భిన్నాలు బొత్తిగా అర్థమయ్యేవి కాదట. తల్లి ఎలిజబెత్ యాపిల్ పళ్ళు తెప్పించి, సగాలు, పావులు, ఎనిమిదో వంతులు కోసి, కలిపి చూపించి లెక్క నేర్పింది. ఎంత చిక్కు సమస్యనైనా ముక్కలు చేసి చూడటం తనకు అప్పుడే అబ్బిందని ఆయన పెద్దయ్యాక చెప్పుకునేవాడు. ఆయనకు పదకొండేళ్ళప్పుడు ఆ తల్లి పోయింది. డబ్బుకు ఇబ్బందిగా ఉండే ఇల్లు. స్కాలర్‌షిప్ సంపాదించి, చదువుకుంటూనే చిన్నాచితకా పనులు చేసుకుంటూ 1901లో కోర్నెల్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. అసిస్టెంట్‌షిప్పుల మీద చదువుకున్న మన పాఠకులకు ఈ భాగం వివరించి చెప్పనక్కర్లేదు.

అదే ఏడాది బఫెలో ఫోర్జ్ కంపెనీలో చేరాడు. వారానికి 10 డాలర్ల జీతం. ఆ కంపెనీ పెద్ద పెద్ద ఫ్యాన్లు, ఆవిరి హీటర్లు, కలప ఆరబెట్టే యంత్రాలు తయారుచేసేది. ఒక హీటరు ఎంత గాలిని ఎంత వేడి చేస్తుందో కచ్చితమైన పట్టికలు లేక, ఇంజనీర్లు ఉజ్జాయింపుగా లెక్క వేసి, భయంకొద్దీ కొంత ఎక్కువ కలిపి అమ్మేవారు. కొత్తగా చేరిన ఈ కుర్రవాడికి అది నచ్చలేదు. తానే కొలతలు తీసి పట్టికలు తయారుచేశాడు. యాజమాన్యం ముచ్చటపడి ఆయన చేతికి ఒక చిన్న ప్రయోగశాల ఇచ్చింది.

1902లో బ్రూక్లిన్ నుంచి ఒక సమస్య వచ్చింది. అక్కడ శాకెట్ విల్‌హెల్మ్స్ అనే అచ్చు కంపెనీ ఉండేది. రంగుల బొమ్మల పత్రికలు వేసేవారు. ఒక్కో రంగు విడిగా అచ్చు వేయాలి. ఎండాకాలంలో గాలిలో తేమ పెరిగితే కాగితం సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. నిన్న వేసిన ఎరుపు మీద ఇవాళ వేసే నీలం సరిగ్గా కూర్చోదు. బొమ్మలో మనిషి పెదవి పక్కకు జరిగిపోతుంది. బఫెలో ఫోర్జ్ న్యూయార్క్ ఆఫీసులో అమ్మకాలు చూసే ఇర్విన్ లైల్ ఈ సంగతి తెచ్చి క్యారియర్ ముందు పెట్టాడు. ఏడాది పొడుగునా తేమ 55 శాతం దగ్గర ఆగాలి. అదీ షరతు.

క్యారియర్ వాతావరణ శాఖ పట్టికలు ముందేసుకుని కూర్చున్నాడు. చల్లని గొట్టాల మీదుగా గాలిని పంపితే అందులోని నీరు గొట్టాల మీద చెమర్చి కారిపోతుంది. చల్లని మంచినీళ్ళు పోసిన గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే. ఏ గాలికి ఎంత చల్లని గొట్టం కావాలో లెక్క కట్టి గీసిన ఆ పటాల మీద తేదీ 1902 జూలై 17. దాన్నే ఎయిర్ కండిషనింగ్ పుట్టినరోజుగా చెబుతారు. ముందు బావినీళ్ళతో, తర్వాత అమ్మోనియా యంత్రంతో గొట్టాలను చల్లబరిచారు. ఆ చల్లదనం రోజుకు 1,08,000 పౌన్ల ఐసు కరిగించిన దానితో సమానం. అదంతా మనుషుల సుఖం కోసం కాదు, కాగితం కోసం!

ఒక చల్లని సాయంత్రం ఆయన పిట్స్‌బర్గ్ స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తున్నాడు. ప్లాట్‌ఫారమంతా దట్టమైన పొగమంచు. మనమైతే రైలు ఆలస్యమవుతుందని విసుక్కునేవాళ్ళం. ఈయనకు వేరే ఆలోచన వచ్చింది. పొగమంచంటే ఇక చుక్క నీరు కూడా పట్టనంతగా నిండిపోయిన గాలి. చలిగా ఉంది కాబట్టి అంత నిండినా అందులో ఉన్న నీరు నిజానికి చాలా కొంచెమే. మనకు కావలసిన చల్లదనం దగ్గర గాలిని ఇలా నీటితో నింపితే, అందులో ఎంత నీరుందో గ్రాములతో సహా చెప్పవచ్చు. తర్వాత వేడి చేసుకుంటే సరి. ఉదాహరణకు 13 డిగ్రీల నీటి జల్లులోంచి తడిసి బయటపడ్డ గాలిని 24 డిగ్రీలకు తీసుకొస్తే అందులో తేమ దాదాపు 50 శాతం ఉంటుంది. అంటే గాలిని ఆరబెట్టడానికి నీళ్ళు చల్లడం! వినడానికి పిచ్చిగా ఉంటుంది. కానీ జల్లు గాలి డ్యూ పాయింట్ కంటే, అంటే గాలిలోని నీరు బయటపడటం మొదలయ్యే ఉష్ణోగ్రత కంటే చల్లగా ఉంటే, గాలిలోని నీరే జల్లులో కలిసిపోతుంది. ఈ యంత్రానికి 1906 జనవరి 2న పేటెంటు వచ్చింది.

ఇది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ఒక చిన్న లెక్క చూడాలి. మన కోస్తాలో ఉక్కపోసే ఒక రోజు తీసుకుందాం. బయట 32 డిగ్రీలు, తేమ 70 శాతం. కిలో గాలిలో సుమారు 21 గ్రాముల నీరుంటుంది. లోపల మనకు కావలసింది 24 డిగ్రీలు, 50 శాతం. అంటే కిలోకి 9 గ్రాముల చిల్లర. మనిషికి నిమిషానికి 15 ఘనపుటడుగుల బయటి గాలి చొప్పున లోపలికి తెస్తే, ఒక్కొక్కరి కోసం గంటకు సుమారు 340 గ్రాముల నీటిని గాలిలోంచి పిండాలి. నాలుగు వందల మంది కూర్చున్న హాలుకైతే గంటకు సుమారు 135 లీటర్లు. ఆ గాలి వేడి తగ్గించడానికి ఎంత శక్తి కావాలో, నీరు దించడానికి దానికి మూడు రెట్లకు పైన కావాలి. ఉక్క ఊళ్ళలో బయటి గాలి ఖరీదంతా ఆ నీటిదే.

నాలుగు వందల మందిని ఊరికే అనలేదు. కొన్నేళ్ళ క్రితం ఇక్కడ మేం ఉగాదికి అద్దెకు తీసుకున్న ఒక హాలులో మధ్యాహ్నం మూడయ్యేసరికి పిల్లలు కుర్చీల్లో వాలిపోయారు. కవి సమ్మేళనం బాగాలేదని కొందరు అన్నారు. (అదీ కొంత నిజమే అయి ఉండవచ్చు.) ఊరుకోలేక వెనక్కి వెళ్ళి చూస్తే, బయటి గాలి వచ్చే తలుపు పూర్తిగా మూసి ఉంది. అడిగితే, తెరిస్తే గోడలు చెమరుస్తాయి, బిల్లు పెరుగుతుందని హాలువాళ్ళ జవాబు. వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. ఆ యంత్రానికి గాలిని చల్లబరచడమే తెలుసు, నీరు దించే తాహతు లేదు. తెరిస్తే చెమ్మ, మూస్తే ఉక్కిరిబిక్కిరి. క్యారియర్ నూరేళ్ళ క్రితం తేల్చిన లెక్కను ఆ హాలు కట్టినవాళ్ళు పక్కన పెట్టేశారు, అంతే.

ఇక పితామహుడు అన్న బిరుదు సంగతి. ఎయిర్ కండిషనింగ్ అన్న పేరు ఆయన పెట్టింది కాదు. నార్త్ కరోలినాలో నూలు మిల్లుల ఇంజనీరు స్టువర్ట్ క్రేమర్ 1906లో ఆ మాట వాడాడు. ఆల్ఫ్రెడ్ వుల్ఫ్ అనే ఇంజనీరు ఇంచుమించు అదే సమయంలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌ని చల్లబరిచాడు. ఫ్లోరిడాలో జాన్ గోరీ అనే వైద్యుడు జ్వరం రోగుల గదుల్ని చల్లబరచాలని తపించి, 1851లోనే ఐసు యంత్రానికి పేటెంటు తీసుకుని, ఎవరూ పట్టించుకోక పేదగా పోయాడు. ఇంతమంది ఉండగా క్యారియర్‌కే పెద్దపీట ఎందుకంటే, నా దృష్టిలో కారణం 1911. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు గాలి, నీటి ఆవిరి, వేడి, ఈ మూడింటి సంబంధాన్ని సూత్రాలుగా, ఒక పటంగా పెట్టాడు. సైక్రోమెట్రిక్ చార్టు అంటాం. అప్పటిదాకా మేస్త్రీ పనిగా ఉన్నది అప్పటినుంచి శాస్త్రమైంది. కాలేజీలో నాకు ఆ పటం చూస్తే నిద్రొచ్చేది. ఇప్పుడు అది లేకుండా పూట గడవదు.

1914లో యుద్ధం వచ్చింది. బఫెలో ఫోర్జ్ తన పాత సరుకు తయారీకే పరిమితం కావాలనుకుంది. మరుసటి ఏడాది క్యారియర్, లైల్, మరి ఐదుగురు ఇంజనీర్లు కలిసి ఉన్నదంతా ఊడ్చి 32,600 డాలర్లు పోగేసి, క్యారియర్ ఇంజనీరింగ్ కార్పొరేషన్ పెట్టారు. నూలు మిల్లులు, పొగాకు, మందుల కంపెనీలు, చాక్లెట్లు, సినిమా ఫిల్ము, తేమ వల్ల పాడయ్యే ప్రతి సరుకూ వాళ్ళకు గిరాకీ అయింది. అంతకు ముందే 1907లో జపానులో యొకొహామా పట్టు మిల్లు దాకా ఆయన యంత్రం వెళ్ళింది.

మనుషుల వంతు సినిమా హాళ్ళతో వచ్చింది. అప్పటిదాకా ఎండాకాలంలో హాళ్ళు మూసేసేవారు, లేదా నేలలోంచి చల్లగాలి వదిలేవారు. కాళ్ళు గడ్డకట్టి, తల చెమట పట్టి, జనం పాదాలకు వార్తాపత్రికలు చుట్టుకునేవారట. క్యారియర్ బృందం గాలిని పైకప్పు నుంచి మెల్లగా దింపింది. సహచరుడు లోగన్ లూయిస్ పొదుపైన పద్ధతి ఇంకొకటి తెచ్చాడు. గాలి మొత్తాన్ని చల్లబరిచి మళ్ళీ వేడి చేయడం ఎందుకు? కొంత గాలిని మాత్రం బాగా చల్లబరిచి నీరు దించి, హాల్లోంచి తిరిగొచ్చిన గాలిని అందులో కలిపితే పోలేదా? చల్లబరిచే ఖర్చూ తగ్గింది, తిరిగి వేడి చేసే ఆవిరి ఖర్చూ తప్పింది. ఈ రెండో ఖర్చు నేటికీ చాలా భవనాల్లో వృథాగా పోతూనే ఉంది.

యంత్రం కూడా మారింది. అమ్మోనియా విషవాయువు, జనం మధ్య పెట్టలేం. 1922లో ఆయన డైలీన్ అనే ద్రవంతో నడిచే సెంట్రిఫ్యూగల్ యంత్రం చూపించాడు. 1925లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో రివోలీ థియేటరుకు పెట్టబోతే నగర భద్రతాధికారి ఒప్పుకోలేదు. క్యారియర్ ఆయన బల్ల దగ్గరే ఒక పాత్రలో ఆ ద్రవం పోసి, వెలిగించిన అగ్గిపుల్ల అందులో పడేశాడట. భగ్గుమనకుండా నెమ్మదిగా కాలింది. అధికారికి మండినా, అనుమతి మాత్రం వచ్చింది. ప్రారంభం రోజు పారమౌంట్ అధిపతి అడాల్ఫ్ జూకర్ బాల్కనీలో కూర్చున్నాడు. యంత్రం ఆలస్యంగా మొదలైంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు అందరి చేతుల్లో విసనకర్రలు. కాసేపటికి ఒక్కొక్కటే ఆగాయి. క్యారియర్ బృందం తెర వైపు చూడకుండా ఆ విసనకర్రల్నే లెక్కపెట్టుకుంటూ నిలబడ్డారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది.

డేల్ కార్నెగీ పుస్తకాలు చదివినవాళ్ళకు క్యారియర్ ఇంకో దారిలో తెలిసి ఉంటాడు. కార్నెగీ 1948లో చింతలు మానడం గురించి రాసిన పుస్తకంలో ఈయన కథ ఉంది. వయసులో ఉన్నప్పుడు మిస్సోరీలో ఒక గాజు ఫ్యాక్టరీలో వాయువును శుద్ధిచేసే యంత్రం పెట్టి, అది చెప్పినట్టు పనిచేయక నిద్ర మానుకున్నాడు. చివరికి కూర్చుని, జరగగల అతి పెద్ద నష్టం ఎంత అని లెక్క వేశాడు. 20,000 డాలర్లు. సరే పోనీ అనుకున్నాడు. అనుకోగానే మనసు తేలికై, ఇంకో 5,000 ఖర్చుపెట్టి పరికరం చేర్చి గట్టెక్కాడు. బుర్ర మాత్రం ఎప్పుడూ లెక్కల్లోనే. ప్రయాణానికి పెద్ద పెట్టె పట్టుకెళ్ళి, తెరిచి చూస్తే లోపల ఒక్క చేతిరుమాలే ఉందని ఒక కథ చెబుతారు.

ఇక్కడ ఒక వాదన గురించి చెప్పాలి. అదే కాలంలో కిటికీలు తెరిస్తే చాలు, యంత్రాల గాలి అక్కర్లేదు అనేవాళ్ళు అమెరికాలో గట్టిగా ఉండేవారు. న్యూయార్క్ రాష్ట్రం వేసిన వెంటిలేషన్ కమిషన్ పదేళ్ళు పరిశీలించి, 1923లో బడులకు కిటికీ గాలే మేలన్నట్టు తేల్చింది. ఇంజనీర్లకు కోపం వచ్చింది. నన్నడిగితే ఇద్దరిదీ కొంత కొంత నిజం. న్యూయార్క్ బడిలో అక్టోబరులో కిటికీ తెరవచ్చు. హ్యూస్టన్‌లో ఆగస్టులో తెరిస్తే వచ్చేది గాలితో పాటు సముద్రం. కానీ కిటికీలు శాశ్వతంగా మూసేయవచ్చన్న ధైర్యం భవనాలకు ఇచ్చింది క్యారియర్ విజయమే. 1928లో శాన్ ఆంటోనియోలో మైలమ్ బిల్డింగ్ అనే పెద్ద ఆఫీసు భవనం ఎయిర్ కండిషనింగ్‌తోనే కట్టారు. అప్పటినుంచి గాలి, వెలుతురు చూసుకుని కట్టే అలవాటు మెల్లగా తప్పిపోయింది.

1930లలో మాంద్యం ఆయన కంపెనీని బాగా కుదిపింది. ఇతర కంపెనీలతో కలిసి, 1937లో సిరక్యూస్‌కు మారారు. అరవై దాటిన వయసులో ఆయన ఇంకో పెద్ద పని చేశాడు. ఆకాశహర్మ్యాలకు పెద్ద పెద్ద గాలి గొట్టాలు వేస్తే అద్దెకిచ్చే చోటంతా గొట్టాలకే పోతుంది. అందుకని 1939లో వెదర్‌మాస్టర్ అనే పద్ధతి తెచ్చాడు. కేంద్ర యంత్రం ప్రధానంగా బయటి గాలిని తీసుకుని, నీరు దించి, సన్నని గొట్టాల్లో వేగంగా ప్రతి గదికీ పంపుతుంది. కిటికీ కింది పెట్టెలో ఆ గాలి చిన్న రంధ్రాల్లోంచి దూసుకొస్తూ గదిలోని గాలిని తనతో లాగి, నీటి తీగల మీదుగా తిప్పుతుంది. అంటే పీల్చే గాలి, తేమ ఒక యంత్రం బాధ్యత. గది వేడి నీటి బాధ్యత. వేడిని మోయడానికి గాలి కంటే నీరు ఎంతో తక్కువ చోటు తీసుకుంటుంది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సచివాలయ భవనానికీ ఈ పద్ధతే పెట్టారు. లోపం లేదని కాదు. ఆ వేగానికి ఫ్యాన్లు బోలెడు కరెంటు తాగేవి, చప్పుడూ ఉండేది.

యుద్ధకాలంలో క్లీవ్‌లాండ్‌లో విమాన ఇంజన్లను ఆకాశపు చలిలో పరీక్షించే గాలి సొరంగానికి శీతల వ్యవస్థ చేశాడు. తన పనుల్లో అదే గొప్పదని ఆయన అభిప్రాయం. నేనైతే వెదర్‌మాస్టర్‌కే ఓటేస్తాను. ఇద్దరు భార్యలను పోగొట్టుకుని, మూడో పెళ్ళి చేసుకుని, ఇద్దరు పిల్లలను పెంచుకున్న ఈ మనిషి 1950 అక్టోబరు 7న న్యూయార్క్‌లో పోయాడు. సిరక్యూస్‌లో 1980లో ఆయన కంపెనీ విరాళంతో క్యారియర్ డోమ్ అని పెద్ద స్టేడియం కట్టారు. కట్టినప్పుడు అందులో ఏసీ పెట్టలేదు!

ఆయన పోయాక కథ అడ్డం తిరిగింది. 1973 చమురు సంక్షోభంతో అమెరికాలో పొదుపు పేరిట మొదట కత్తెర పడింది బయటి గాలికే. 1981 ప్రమాణం ప్రకారం ఆఫీసుల్లో మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగులు చాలన్నారు. తలనొప్పులు, కళ్ళ మంటలు, బూజు. జబ్బు భవనాలు అన్న మాటే పుట్టింది. 1989లో కనీసం 15కి పెంచారు. పెంచాక నీటి భారం మళ్ళీ నెత్తిన పడింది. అప్పుడు ఇంజనీర్లు వెతుక్కుంటూ వచ్చింది క్యారియర్ విభజన దగ్గరికే. బయటి గాలికి వేరే యంత్రం, గది వేడికి వేరే ఏర్పాటు. దానికి ఒక చక్రం చేర్చారు. లోపలినుంచి బయటకు పోయే చల్లని పొడి గాలి, బయటినుంచి వచ్చే వేడి తడి గాలి, రెండూ నీటిని పీల్చే పూత ఉన్న ఆ తిరిగే చక్రంలోంచి పోతాయి. వచ్చే గాలి తన వేడిని, తేమను పోయే గాలికి అప్పజెప్పేస్తుంది. మంచి చక్రమైతే బయటి గాలి భారంలో 70 శాతం దాకా అక్కడే దిగిపోతుంది. పైన చెప్పిన హాలు లెక్కలో 135 లీటర్లు కాస్తా 40కి వస్తాయి.

మన ఊళ్ళలో సంగతి వేరు. అక్కడ ఇల్లిల్లూ స్ప్లిట్ ఏసీ. అది గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి చుక్క కూడా తేదు. విశాఖలో మా బావగారి ఫ్లాటులో పడకగది తలుపులకు రబ్బరు పట్టీలు కూడా వేయించారు. నేను తీసుకెళ్ళిన చిన్న మీటరులో కార్బన్ డయాక్సైడ్ రాత్రి పడుకునేటప్పుడు 600, తెల్లవారేసరికి 2,000 పైన. పొద్దున్నే తల బరువుగా ఉంటోందంటే బీపీ అనుకుంటున్నారు, పాపం. ఆయన గదికి ఒకటిన్నర టన్ను చాలినా రెండు టన్నులది పెట్టించారు. పెద్ద ఏసీ గదిని గబగబా చల్లబరిచి ఆగిపోతుంది, నీరు దించేంతసేపు నడవదు. గది చల్లగా, దుప్పటి చెమ్మగా.

ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్నవాళ్ళు చాలామంది నన్ను ఎన్ని టన్నులు పెట్టించమంటావని అడుగుతారు. హైదరాబాదులో అయితే ఏప్రిల్ గాలి పొడిగా ఉంటుంది. రాత్రి కిటికీలు తెరిచి గోడలు చల్లారనిస్తే, పగలు కూలరుతో చాలా రోజులు గడిచిపోతాయి. కోస్తాలో కూలరు పెడితే ఉక్కకు ఉక్క చేర్చినట్టే. అక్కడ లెక్క కట్టి సరిపోయినంత చిన్న ఏసీ, దానితో పాటు పడకగదులకు వేడినీ తేమనీ మార్పిడి చేసే చిన్న వెంటిలేటర్ పెట్టించమంటాను. ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. అది పెట్టడానికి గోడలో రెండు కన్నాలు కావాలి, ఒకటి గాలి రావడానికి, ఒకటి పోవడానికి. రెండింటికీ మధ్య కనీసం ఆరేడు అడుగుల ఎడం ఉండాలి, వంటింటి ఫ్యాను వదిలే వైపు ఉండకూడదు. ప్లాస్టరింగుకు ముందే మేస్త్రీకి చెబితే పైసా ఖర్చు లేదు. తర్వాతైతే టైల్స్ పగలగొట్టాలి.